మా తాత తోసిన రాళ్ళు

మా తాత గవర్రాజు నిలబడి ఉన్న దేన్నీ నమ్మడు. తోసి చూడాల్సిందే. కుర్చీ అయితే కూర్చునే ముందు తోస్తాడు. గోడ అయితే ఆనుకునే ముందు తోస్తాడు. నిచ్చెన, మంచం, బడ్డీకొట్టు, కరెంటు స్తంభం, ఏదైనా సరే. ఎడమ కాలు వెనక్కి పెట్టి, కుడి అరచెయ్యి ఆనించి, "ఉమ్మ్" అని ఒక్క తోపు. కదలకపోతే "ఊఁ, ఉన్నాది" అంటాడు. కదిలితే "సెప్పేనా!" అంటాడు. అంతకుముందు ఎవరికీ ఏమీ చెప్పి ఉండడు.

"పెళ్ళిసూపుల్లో నన్ను కూడా తోసి సూసేడు," అంటుంది మా నానమ్మ అప్పాయమ్మ. "పడిపోనేదు కాబట్టి సేసుకున్నాడు."

"నిన్నెక్కడ తోసేనే? నువ్వు కూకున్న పీట తోసేను."

"పీట మీద ఉన్నది నాను కాదేటి?"

"పీటలో లోపం నేదు కదా. మరింకేటి?"

స్టీలుప్లాంటు కడుతున్న రోజుల్లో తాత అక్కడ ఖలాసీ. లారీ అంత ఇనుప దూలాలకి తాళ్ళూ గొలుసులూ కట్టి, క్రేనుకి తగిలించి, పైకి లేపించే పని. తర్వాత కొన్నాళ్ళు పోర్టులో చేశాడు. పని మానేసి పన్నెండేళ్ళయింది గానీ, ఆ కుడిచెయ్యి మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. బస్సెక్కితే ముందు సీటు ఊపుతాడు, అందులో మనిషి కూర్చుని ఉన్నా సరే.

"ఏటి బావా, లేచిపోమంటావేటి?" అంటాడు ఆ మనిషి కంగారుగా.

"కూకో బావా, కూకో. బోల్టు సూత్తన్నాను."

అక్కణ్ణించి ఆ మనిషి దిగేదాకా సీటు అంచునే కూర్చుంటాడు.

ఇవన్నీ చిన్నవి. పెద్దది మా గౌరీశ్వరి అత్త పెళ్ళిలో జరిగింది. నాకప్పుడు ఏడేళ్ళు. మా వీధిలోని వరహాలు పందిరి వేశాడు. అతని బతుకులో అదే మొదటి పందిరి. పెళ్ళివారు దిగడానికి ఇంకా గంట ఉందనగా తాత వచ్చాడు. పందిరి కింద ఉన్న వంటవాణ్ణి "నిన్నెవరో పిలుత్తన్నారు" అని బయటికి పంపించాడు. నన్ను చెవి పట్టుకుని అరుగెక్కించాడు. నడిమి గుంజ మీద అరచెయ్యి పెట్టాడు. "ఉమ్మ్."

పందిరంతా మామిడాకులతో సహా వచ్చి పప్పుచారు గుండిగ మీద కూర్చుంది.

"నాన్నా!" అని మా నాన్న గుణశేఖర్ నెత్తి బాదుకున్నాడు. "పందిరి తోసేసేవేటి!"

"పడీదే పడింది."

"నువ్వు తోత్తేనే కదా పడింది!"

"నాను తోత్తే పడిందంటే, అది నిల్సున్నట్టు కాదురా."

ఆ పూట తాతని తిట్టనివాళ్ళు లేరు. వంటవాడు తిట్టాడు. మేళం వాళ్ళు తిట్టారు. పెళ్ళివారు దిగాక, వాళ్ళకి పప్పుచారు ఎందుకు లేదో తెలుసుకుని, కొత్త చుట్టాలమని మొహమాటపడకుండా తిట్టారు. వరహాలుని మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అందామన్నా తాతని తిట్టడంతోనే ఎవరికీ తీరిక దొరకలేదు. పైగా, పాపం కట్టిందంతా కూలిపోయిందని అతనికి కాఫీ ఇచ్చారు. అరగంటలో మళ్ళీ కట్టాడు, ఈసారి గట్టిగా. ఇవాళ గాజువాక చుట్టుపక్కల శుభకార్యమంటే వరహాలు పందిరే.

ఇక నా సంగతి. పేరు కుసుమకుమారి, తాతకి మాత్రం "గుంట". టెన్త్ లెక్కల పరీక్ష మూడుసార్లు రాశాను. మూడుసార్లూ అది నన్ను తోసి చూసింది, మూడుసార్లూ పడ్డాను. నాలుగోసారి రాయమంటారేమోనని భయపడి పాతఊరిలో ఆరిఫ్ భాయ్ అక్వేరియం షాపులో పనికి కుదిరాను. నాలుగేళ్ళయింది. ఆరిఫ్ భాయ్‌కి మాట తొందర, చెయ్యి నెమ్మది. నాకు రెండూ తొందరే.

మంచినీళ్ళ తొట్టె ఎవరైనా కడతారు. ఉప్పునీళ్ళ తొట్టె కట్టడం వేరు. దాంట్లో సముద్రం అడుగున ఉండే రాతిదిబ్బ లాంటిది కట్టాలి. గుహలు కావాలి, వంతెనలు కావాలి, చేప దూరి దాక్కునే కంతలు కావాలి, రాళ్ళ వెనక నీళ్ళు తిరగాలి, అద్దం తుడవడానికి చెయ్యి పట్టాలి. సముద్రంలోంచి పగడపు రాయి తెస్తే నేరం. అందుకని సిమెంటూ గవ్వపొడీ కలిపి పోసిన బొరియల రాళ్ళు వాడతాం. వాటిని ఎపాక్సీ ముద్దతో అతుకుతాం. రెండు రంగుల ముద్దలు తీసుకుని చపాతీ పిండిలా కలిపితే, కాసేపటికి అదీ రాయైపోతుంది.

"సముద్రం పక్కన కాపురముండి ఉప్పు పేకట్లు కొనడం ఏటే?" అనేవాడు తాత.

"ఆ సముద్రంలో పోర్టుంది తాతా. ఓడల నూనె తాగితే నా సేపలు సచ్చిపోతాయి."

"అదీ నిజమేలే," అని ఉప్పు బస్తాని తోసి చూసేవాడు.

ఇలా ఉండగా దువ్వాడలో పిల్లల డాక్టరు రోజారమణి గారు కొత్త ఆసుపత్రి కట్టుకున్నారు. సూది చూడగానే పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారనీ, వాళ్ళు కూర్చునే హాల్లో ఆరడుగుల సముద్రం ఒకటి పెట్టాలనీ ఆవిడ కోరిక. ఆరిఫ్ భాయ్ నన్ను పిలిచాడు.

"కుసుమా, ఈ తొట్టె మొత్తం నువ్వే కట్టు. నిలబడిందంటే ఇకనుంచి ఉప్పునీళ్ళ పనులన్నీ నీవే."

ఆ రాత్రి అన్నాల దగ్గర మా నాన్న దాన్నే ఇంకోలా చెప్పాడు. "నిలబడకపోతే జూన్‌లో టూటోరియల్. టెన్త్ నాలుగోసారి."

టూటోరియల్‌లో ఈ ఏడాది చేరబోయేది పక్కింటి పోతమ్మ గారి మనవడు. వాడికి అ ఆలు నేర్పింది నేను. వాడి పక్కన బెంచీ మీద కూర్చుని, వాడి పుస్తకంలోకి తొంగిచూసి లెక్కలు ఎక్కించుకోవాలి!

"ఆ రాళ్ళేటో నాను కూడా వచ్చి సూత్తాను," అన్నాడు తాత.

"ఒద్దు!" అన్నాం అందరం ఒక్కసారే.

"సూడ్డానికేనే."

"నీ సూడ్డం కళ్ళతో సూడ్డం కాదు తాతా. సేత్తో సూడ్డం."

శుక్రవారం డాక్టరమ్మ వచ్చి రాళ్ళు చూస్తారు, ఆవిడ సరేనంటే వెంటనే నీళ్ళు పోసెయ్యాలి. గురువారం పొద్దున్న ఆసుపత్రి హాల్లోనే మొదలుపెట్టాను. మామూలుగా ముందు రాళ్ళని అడుగు అద్దం మీద కుదిర్చి, ఆ తర్వాత చుట్టూ ఇసక పోస్తాం. నేను ముందే ఇసక పోసేశాను. తెల్లటి ఇసక మీద పెడితే రాయి అందంగా కనిపించింది, డాక్టరమ్మ మెచ్చుకోవాలని నాకు ఆత్రం. రాళ్ళ మీద దుమ్ము కడిగి ఆరబెడితే పూట పోతుందని గుడ్డతో దులిపి అతికేశాను. మధ్యాహ్నానికి నడుమ ఒక వంతెన లేచింది. మూరెడు ఎత్తు. ఏ మాటకామాట, చూడ్డానికి దివ్యంగా ఉంది.

సాయంత్రం తాత టిఫిన్ క్యారియర్ పట్టుకుని దిగాడు. తొట్టె ముందు నిలబడ్డాడు. వంగి కింద చూశాడు. ఈ పక్కకి వెళ్ళి చూశాడు, ఆ పక్కకి వెళ్ళి చూశాడు. రెండు చేతులూ వెనక కట్టుకునే ఉన్నాడు. తొయ్యలేదు!

"బాగున్నాదే గుంటా," అన్నాడు. గొంతు ఎందుకో పీలగా ఉంది. "రేపు ఎన్నింటికొత్తాది డాక్టరమ్మ?"

"పదింటికి."

"ఊఁ," అని వెళ్ళిపోయాడు. ముసలాడికి బుద్ధొచ్చిందని సంతోషించి, క్యారియర్‌లోని నాలుగు గారెలూ ఒక్కదాన్నే తిన్నాను.

శుక్రవారం పదింటికి డాక్టరమ్మ వచ్చారు, వెనకాలే ఆరిఫ్ భాయ్ వచ్చాడు, వాళ్ళ వెనకాల ఇస్త్రీ చొక్కా వేసుకుని మా తాత వచ్చాడు.

"అబ్బ, ఎంత బాగుందమ్మా! ఇందులో ఏమేం చేపలు వేస్తావు?" అన్నారు డాక్టరమ్మ.

"ముందొక కాపలా చేపని వేస్తానండి. దానికి తోడుగా ఒక రొయ్య ఉంటుంది. రొయ్యకి కళ్ళు సరిగా ఆనవు. అది రాళ్ళ కింద ఇసక తవ్వి ఇల్లు కడుతూ ఉంటే, ఈ చేప గుమ్మంలో కూర్చుని కాపలా కాస్తుంది…"

అప్పటికే తాత ఎడమ కాలు వెనక్కి వెళ్ళిపోయింది. చొక్కా చెయ్యి పైకి వెళ్ళింది, అరచెయ్యి తొట్టె అంచు మీదుగా లోపలికి దిగింది. "తాతా!" అనేలోపు "ఉమ్మ్" అయిపోయింది.

వంతెన వంతెనంతా నడుం విరిగినట్టు మడతపడి ఇసకలో దిగబడింది.

తాత చెయ్యి దులుపుకుని, "పడీదే పడింది," అన్నాడు.

"ఎవరండీ ఈయన? లోపలికెవరు రానిచ్చారు?" డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. "అంత కష్టపడి కట్టిందే పిల్ల! ఊరికే ఎందుకు తోశారండీ?"

"అలవాటమ్మా," అన్నాడు తాత నేల చూపులు చూస్తూ.

"అలవాటా!" ఆవిడ ఒక నిమిషం ఏకధాటిగా చీవాట్లు పెట్టారు. చిన్నపిల్లల్ని మందలించి మందలించి ఆవిడకి మంచి అభ్యాసం ఉంది. తర్వాత నా తల నిమిరారు. "ఏడవకమ్మా. నీ తప్పేముంది? ఇంకో పదిరోజులు తీసుకో, నిదానంగా కట్టు. పెద్దాయన్ని మాత్రం గేటు దాటనివ్వకు."

ఆ రోజు నుంచి నేను తాతతో మాటలు మానేశాను. బతిమాలాడు. మొహం తిప్పేసుకున్నాను. దాంతో నాకు చెప్పాల్సినవన్నీ నానమ్మకి చెప్పడం మొదలుపెట్టాడు, నేను అక్కడే కూర్చుని వినేంత గట్టిగా.

"అప్పాయమ్మా! రాయికి మూడు కాళ్ళుండాల. నాలుగో కాలు అబద్ధమాడతాది. ఆనినట్టే ఉంటాది, ఆనదు."

"నాకెందుకు సెప్తన్నావు? నానేటైనా రాళ్ళు మోత్తన్నానా?"

"అప్పాయమ్మా! తడి మీదా దుమ్ము మీదా ఏ ముద్దా పట్టదు. కడిగి, ఆరబెట్టి, అప్పుడు అతకాల. ముద్దొక్కదాన్నే నమ్మకూడదు, లోపల కడ్డీ దిగాల. ఇనుము కాదు, ఉప్పునీళ్ళకి తుప్పట్టిపోద్ది."

"సర్లే. ముందు పప్పులో ఉప్పు సరిపోయిందో నేదో సెప్పు."

పగలంతా ఇంట్లో నా మూతి ముడుపు చూడలేక ఫిషింగ్ హార్బర్‌కి పోయేవాడు. అక్కడ ఒడ్డున కట్టిన బోట్లని ఒక్కొక్కటే తోసి చూసేవాడట. ప్రతిదీ కదిలేది. ప్రతిదానికీ "సెప్పేనా!" అనేవాడు. ఆఖరికి వల అల్లుకుంటున్న ఒకాయన విసుగెత్తి, "ఓ బావా, బోటన్నాక కదలాల. కదలకపోతే మునిగిపోయినట్టు!" అన్నాడట. తాత చాలాసేపు ఆలోచించి, "ఇది మన పని కాదు," అనుకుని ఇంటికొచ్చేశాడు. రెండ్రోజులు దిగులుగా ఉన్నాడు.

నేను మళ్ళీ కట్టాను. తాత మాట విన్నానని ఎవరితోనూ అనలేదు గానీ, మూడు కాళ్ళే పెట్టాను. ఇసకంతా ఎత్తేసి, కాళ్ళు అడుగు అద్దం మీదే ఆనించాను. రాళ్ళు కడిగి రెండ్రోజులు ఎండలో పెట్టాను. కంతలు తొలిచి ప్లాస్టిక్ కడ్డీలు దించి, అప్పుడు ముద్ద పెట్టాను. ఆఖర్న ఇసక పోశాను. రోజుకి నాలుగుసార్లు తోసి చూశాను. అవును, నేనే. ఎడమ కాలు వెనక్కి పెట్టి మరీ. ఎవరైనా చూస్తున్నారేమోనని తలుపు వేసుకుని.

నీళ్ళు పోశాం. నెల రోజులు నీళ్ళు కుదుటపడనిచ్చి చేపల్ని వదిలాం. కాపలా చేపా రొయ్యా దిగిన మర్నాటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. ఆ రొయ్య పగలూ రాత్రీ తవ్వడమే. నోరూ చేతులూ నిండా ఇసక మోసుకొచ్చి బయట పోస్తుంది, మళ్ళీ వెళ్తుంది. అప్పుడప్పుడూ లోపల్నుంచి టప్పుమని చిటికె వేస్తుంది. ఆ చప్పుడు వినబడినప్పుడల్లా రాయి విరిగిందేమోనని నేను ఎగిరిపడేదాన్ని. ఆదివారం ఆసుపత్రి ప్రారంభం. శనివారం సాయంత్రానికి రొయ్య వంతెన కింద ఇసకంతా ఖాళీ చేసి పారేసింది. మూడు కాళ్ళూ అద్దం మీద ఆనిన చోటు దాకా బయటపడ్డాయి.

ఆదివారం పొద్దున్నే ఆరిఫ్ భాయ్‌ని లాక్కెళ్ళి చూపించాను.

"చూడు భాయ్, కింద ఒక్క గింజ ఇసక లేదు. అప్పుడు నేను కట్టింది ఇసక మీద. అదే ఉండుంటే?"

"ఉండుంటే ఏముంది, వంతెన వచ్చి ముందరి అద్దానికి కొట్టుకునేది. అందుకే కదా తాతగారు గురువారం…" అని నాలుక కరుచుకున్నాడు.

"గురువారం ఏటి?"

"ఏం లేదు."

"భాయ్!"

చెప్పానుగా, ఆయనకి మాట తొందర. "గురువారం సాయంత్రం ఇక్కణ్ణించి తిన్నగా షాపుకొచ్చారమ్మా. చెమటలు కక్కుతున్నారు. 'పిల్ల ఇసక మీద కట్టేసింది, అతుకులూ పట్టనేదు. నీళ్ళు పోసేక పడితే అద్దం పోద్ది, దాని పేరూ పోద్ది' అన్నారు. పోనీ పిల్లకే చెప్పండి అన్నాను. 'సెప్తే రాత్రికి రాత్రి మళ్ళీ అలాగే కట్టేత్తాది, తొందర మనిషి. డాక్టరమ్మ ముందు నాను తోసేత్తాను. తిట్లు నాకొత్తాయి, గడువు దానికొత్తాది' అన్నారు. నన్ను నోరు మూసుకోమన్నారు. నెలన్నర మూసుకున్నాను, అదే ఎక్కువ."

నాకు వెంటనే పప్పుచారు గుండిగ గుర్తొచ్చింది. కాఫీ తాగుతున్న వరహాలు గుర్తొచ్చాడు.

బయటికి పరిగెత్తాను. నానమ్మా నాన్నా ప్రారంభానికి వచ్చేశారు. తాత మాత్రం గేటు అవతల కల్వర్టు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. గట్టుని తోసి చూసే కూర్చుని ఉంటాడు.

"ఆరిఫ్ భాయ్ అంతా సెప్పేసేడు," అన్నాను.

తాత ఉలిక్కిపడ్డాడు. నెలన్నర తర్వాత నేను మాట్లాడిన మొదటి మాట అది. "ఆడి నోట్లో నువ్వుగింజ నానదు," అన్నాడు.

"వరహాలు పందిరి కూడా అంతేనా?"

"ఏ పందిరే? నాకు గుర్తు నేదు."

నానమ్మ వెనకనుంచి అందుకుంది. "అంతేనే గుంటా. ఈళ్ళ ఖలాసీల్లో అదో పద్ధతి. కొత్తోడి కట్టు వదులుగా ఉందనుకో, మేస్త్రీ సూసే లోపల పాతోడు పోయి కిందనే లాగి పారేసీవోడు. తిట్లు పాతోడికి, పని కొత్తోడికి. ఈయనకి తిట్లు అలవాటైపోయి, రుచి మరిగేడు."

"లోపలికి రా తాతా," అని చెయ్యి పట్టుకుని లేపాను. "వచ్చి నా రాళ్ళు తోసి సూడు."

గేటు దగ్గర డాక్టరమ్మ మొహం మారింది. "నేను పూచీ మేడమ్," అన్నాను. తొట్టె మూత తీసి, స్టూలు వేశాను. తాత ముందు స్టూలు తోసి చూసి, ఎక్కాడు. చేతులు కడుక్కున్నాడు, చొక్కా మోచేతి దాకా మడిచాడు. కాపలా చేప గుమ్మంలోంచి తల బయటపెట్టి తాతని ఎగాదిగా చూసింది. తాత దాన్ని చూశాడు. మూడు కాళ్ళనీ ఒకటొకటిగా చూశాడు.

చొక్కా చేతులు దించేసుకుని, స్టూలు దిగిపోయాడు.

"ఏటి తాతా?"

"ఒద్దులే."

"ఏం?"

"నువ్వు కట్టేవు కదా," అన్నాడు.

"నన్ను మాత్రం తోసేడు," అంది నానమ్మ.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది గానీ, ప్రారంభానికి ఆసుపత్రి వాకిట్లో పందిరి వేశారు. ఇక్కడా వరహాలు పందిరే. కాకపోతే ఈసారి కట్టింది అతని కొత్తల్లుడు సింహాద్రి. పనిలోకి దిగాక మొదటి పందిరి. మావగారు పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. తాతా నేనూ బయటికొచ్చేసరికి తాత నడక నెమ్మదించింది. చూపు మూలగుంజ మీద ఆగింది. నేనూ చూశాను. ఆ గుంజ అడుగు ఇసకలోనే ఉంది, గట్టినేల దాకా దిగలేదు. ఇంకో పావుగంటలో ఊళ్ళోని పిల్లలంతా దాని కిందే కూర్చుంటారు.

తాత ఎడమ కాలు వెనక్కి వెళ్ళింది.

నేను ముందుకెళ్ళాను. కుర్చీలు వేస్తున్న ఇద్దరినీ "మిమ్మల్ని ఎవరో పిలుస్తున్నారు" అని అవతలికి పంపాను. కింద ఎవరూ లేరని రెండోసారి చూసుకున్నాను. అరచెయ్యి ఆనించాను.

"ఉమ్మ్."

పందిరి పెళపెళమని వచ్చి కుర్చీల మీద పడింది. అందరూ పరిగెత్తుకొచ్చారు. అందరూ కలిసి అలవాటు ప్రకారం తాత మీద విరుచుకుపడ్డారు.

"తాత కాదు. నానే తోసేను!" అని అరిచాను.

"నువ్వేటే!" మా నాన్న రెండు చేతులూ నెత్తిమీదకి పోయాయి. "నీకేటి పొయ్యేకాలం!"

"పడీదే పడింది నాన్నా."

డాక్టరమ్మ తిట్టారు. కాంపౌండరు తిట్టాడు. రిబ్బను కట్టినవాడు తిట్టాడు. సింహాద్రికి ఎవరో కాఫీ తెచ్చి ఇచ్చారు. అతను కప్పు అందుకుంటుంటే, వరహాలు మాత్రం అల్లుణ్ణి చూడలేదు, నన్నూ చూడలేదు. మా తాత వంక చూసి, భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, పలుగు పట్టుకుని గొయ్యి లోతుగా తవ్వడం మొదలుపెట్టాడు.

తాత మెల్లగా నా పక్కకి చేరాడు. చెవిలో ఏం మెచ్చుకుంటాడోనని వంగాను.

"ఎడం కాలు ఇంకాస్త ఎనక్కి పెట్టాలే గుంటా."